ఆ ట్యాంకు ఎవరిది?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఒక అపార్ట్‌మెంట్లో అమ్మానాన్నలతో ఉంటాను. ప్రైవేటు ఉద్యోగం. రెండేళ్ళుగా ఆన్‌లైన్‌లో సామాజిక విషయాల మీద తెలుగులో రాస్తున్నాను. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులోకి ఒకాయన బనియనుతో, ఒట్టి చేతులతో దిగడం చూశాను. కడుపు తరుక్కుపోయింది. ఫోటో తీసి, రాసి పెట్టాను. వందల మంది షేర్ చేశారు. నాలుగో రోజు మా పక్క ఫ్లాట్లో పనిచేసే ఆవిడ లిఫ్టు దగ్గర నన్ను ఆపింది. ఆయన ఆమె భర్తట. "మంచికే రాసినారమ్మా. కానీ మాయాయన్ని మేస్త్రి మరి పనికి పిలవడం నేదు. ఊళ్ళో మా సుట్టాలు కూడా ఆ ఫోటో సూసినారు. మా పిల్ల ఇస్కూలుకి ఎల్లనంటంది" అంది. ఆ రోజు నుంచి నేను ఒక్క వాక్యం రాయలేకపోతున్నాను. నాన్న "మనకెందుకమ్మా ఇవన్నీ, ఉద్యోగం చూసుకో" అంటున్నారు. నేను తప్పు చేశానా? ఇలా రాయడం వల్ల ఎవరికైనా ఏమైనా తెలుస్తుందా? మానేయమంటారా? (పేరు వద్దు.)

సమాధానం:

అమ్మా,

తప్పు జరిగింది. మెత్తటి మాటలతో దాన్ని కప్పేస్తే మీకు మేలు చేసినట్టు కాదు. ముఖం కనపడే ఫోటోను ఆయన్ని అడక్కుండా పెట్టారు. తాను ఏ పనికి వెళ్తున్నాడో ఆయన సొంత ఊళ్ళో చుట్టాలకు చెప్పుకుని ఉండడు. కూతురికి కూడా "బిల్డింగ్ పని" అనే చెప్పి ఉంటాడు. ఈ పనికి వెళ్ళేవాళ్ళలో చాలామంది అలాగే చెప్పుకుంటారు. ఇంట్లోవాళ్ళ ముందు తలెత్తుకోవడానికి ఆయన వేసుకున్న ఆ పలచటి తెర మీ ఫోటోతో పోయింది.

అయితే ఆయన కూలి పోగొట్టింది మీరు కాదు. ఒట్టి చేతులతో దింపినవాడు మేస్త్రి. విషయం బయటపడగానే పనికి పిలవడం మానేసినవాడూ అతనే. ఆ మేస్త్రిని చవగ్గా వస్తాడని మాట్లాడుకున్నది మీ అసోసియేషన్. ఎవరి తప్పు వాళ్ళ ఖాతాలో వేయండి. అన్నీ మీ నెత్తినే వేసుకుంటే చెయ్యి కదలదు. మీరు రాయడం మానేస్తే వచ్చే నెల ఆ ట్యాంకులోకి ఇంకొకరు దిగుతారు, అంతకుమించి మారేదేమీ ఉండదు.

ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే ఆ ఫోటో తీసేయండి. షేర్ చేసినవాళ్ళలో తెలిసినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీయమనండి. అందరూ తీయరు, అయినా అడగండి. తర్వాత ఆవిడ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వాళ్ళింటికి వెళ్ళండి. ఆయన ఎదుటే క్షమించమని అడగండి. "నా ఉద్దేశం మంచిదే" అన్న మాట మాత్రం ఎత్తకండి. ఆవిడ ఆ మాట మీకంటే ముందే అనేసింది. ఎన్ని రోజుల కూలి పోయిందో అడిగి అంతా ఇవ్వండి. ఇది దానం కాదు, బాకీ. తీసుకోనంటే బలవంతం చేయొద్దు. ఆ వెళ్ళి రావడం గురించి ఎక్కడా ఒక్క ముక్క కూడా రాయకండి.

ఇక మీ రాత. ఉత్తరంతో పాటు పంపిన మీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగుంటుంది మీకు. కోపం నిజమైనది. కానీ వ్యాసం నిండా "అయ్యో" ఉంది. "మానవత్వం చచ్చిపోయింది" అన్నారు, "వ్యవస్థ మారాలి" అన్నారు. చదివినవాళ్ళ కళ్ళు చెమర్చి ఉంటాయి, ఆ వెంటనే వేలు ఇంకో పోస్టు మీదికి జారి ఉంటుంది. ఆ ట్యాంకులో ఏముంది, దిగితే ఏమవుతుంది, దింపినవాణ్ణి చట్టం ఏం చేస్తుంది, వచ్చే ఏడాది ట్యాంకు నిండితే ఎవర్ని పిలవాలి? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. "ఏమైనా తెలుస్తుందా" అని అడిగారు కదా. తెలియాలంటే ముందు మనం చెప్పాలి.

ఎలా చెప్పవచ్చో ఒక్క ముక్క రాసి చూపిస్తాను.

సెప్టిక్ ట్యాంకు మూసి ఉన్నన్నాళ్ళూ లోపల మలం కుళ్ళి మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసులు తయారవుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన గుడ్డు వాసన. మూత తీయగానే గుప్పుమంటుంది. అది ఎక్కువ మోతాదులో ఉంటే కాసేపటికే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. పైన నిలబడ్డవాళ్ళు "వాసన పోయింది, గ్యాస్ పోయింది, దిగొచ్చు" అనుకుంటారు. గ్యాస్ ఎక్కడికీ పోలేదు, పోయింది ముక్కుకు తెలిసే శక్తి. దిగినవాడు లోపల కూలబడతాడు. తాడు ఉండదు, అందుకని వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు చనిపోయారని పేపర్లో వచ్చే వార్తల వెనక జరిగేది ఇదే. చాలాసార్లు ఆ రెండోవాడు తమ్ముడో, బావమరిదో అయి ఉంటాడు.

ఈ నాలుగు ముక్కలు చదివినవాడు తన అపార్ట్‌మెంట్లో మూత తీసిన రోజున "ఆగండి, ఎవరూ దిగొద్దు" అనగలడు. ఏడవకపోయినా సరే, ఆ ఒక్క మాట అంటే చాలు.

చట్టం సంగతి కూడా ఇలాగే తేటగా చెప్పాలి. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో అంతకంటే గట్టిది వచ్చింది. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దింపడం ఈ రెండో చట్టం ప్రకారం నేరం. ఏ వ్యక్తీ, ఏ సంస్థా నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ దింపకూడదని అందులో ఉంది. "మేము దింపలేదండీ, కాంట్రాక్టుకి ఇచ్చాం" అనే అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. మొదటిసారికి రెండేళ్ళ వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఐదేళ్ళు, 5 లక్షలు. బెయిలు హక్కుగా దొరికే నేరం కాదిది. మురుగులో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో అదే కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది.

2014 నాటి ఆ తీర్పు వెనక బెజవాడ విల్సన్ ఉన్నారు. కోలార్ బంగారు గనుల ఊళ్ళో ఇదే పని చేసిన కుటుంబంలో పుట్టారు. ఆయన మొదలుపెట్టింది అధికారులకు ఉత్తరాలు రాయడంతో. తర్వాత సఫాయి కర్మచారి ఆందోళన్ పెట్టి ఊరూరా వివరాలు పోగుచేశారు. 2003లో వేసిన పిటిషన్‌కు 2014లో తీర్పు వచ్చింది. పదకొండేళ్ళు! మీరు రాసి నెల రోజులే అయింది. ఆయనకు 2016లో మెగసెసే అవార్డు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. దాని వెనకున్న ఆ పదకొండేళ్ళ గురించి ఎవరూ రాయరు. వీలైతే మీరు రాయండి.

ఇంకో మాట. మీ వ్యాసంలో "పేద కార్మికుడు" అని ఆరుసార్లు ఉంది, కులం అన్న మాట ఒక్కసారి కూడా లేదు. పేదవాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు. ఆ గుంటలోకి మాత్రం తరతరాలుగా ఎక్కువగా కొన్ని దళిత కులాల వాళ్ళనే దింపుతున్నారు. అది దాటేస్తే ఆయన అక్కడికి ఎందుకు వచ్చాడో చదివేవాళ్ళకు అర్థం కాదు. ఏదో ఖర్మ, చదువుకోలేదు పాపం, అనుకుని ఊరుకుంటారు. ఒక మనిషి కులాన్ని అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, అది వేరే సంగతి. ఆ పనికి కులం అంటగట్టిన చరిత్రను రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు మీ వ్యాసం చదివింది ఎవరు? ఒక్కసారి ఆ పేర్లు చూడండి. మీ కాలేజీ స్నేహితులు, ఆఫీసువాళ్ళు, సీతమ్మధార పిన్నిగారు, హైదరాబాదులో ఉన్న కజిన్లు. మంత్రిగారు చదవలేదు, కమిషనర్ చదవలేదు. చదివినవాళ్ళలో ఎక్కువమంది మీలాగే ఫ్లాట్లలో ఉండేవాళ్ళు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేవాళ్ళు, అసోసియేషన్ మీటింగులో చెయ్యెత్తే హక్కు ఉన్నవాళ్ళు. మీరేమో "ప్రభుత్వం కళ్ళు తెరవాలి" అని రాశారు. వాళ్ళు లైక్ కొట్టారు. ఎందుకు కొట్టరు? ఆ వ్యాసంలో వాళ్ళు చేయాల్సిన పనేమీ లేదు కదా. ఆ ట్యాంకు మన బిల్డింగుదేనని రాసి ఉంటే లైకులు సగమయ్యేవేమో గానీ, పది అపార్ట్‌మెంట్లలోనైనా ఎవరో ఒకరు మీటింగులో ఆ మాట ఎత్తేవారు. మనిషి దిగకుండా గొట్టం వేసి లాగే లారీలు మన ఊళ్ళో తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఖర్చును ఫ్లాట్ల లెక్కన పంచితే ఇంటికి ఎంత పడుతుందో మీరే కనుక్కుని రాయండి.

తెలియకపోతే ఏమవుతుందో మన ఊరికి నేను చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం లీకైనప్పుడు పన్నెండు మంది చనిపోయారు. ఆ పక్కనే ఏళ్ళ తరబడి కాపురమున్న జనంలో ఎంతోమంది స్టైరీన్ అన్న పేరు ఆ రోజే మొదటిసారి విన్నారు. దాన్ని చల్లగా ఉంచాలని, లేకపోతే ట్యాంకులో తనంతట తనే వేడెక్కుతుందని అంతకుముందు వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. ప్రమాదం రోజున సైరన్ కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. తర్వాత మనమంతా రాశాం, నేనూ రాశాను. కన్నీళ్ళు పెట్టించేలా రాశాం. పక్క ఫ్యాక్టరీలో ఏం నిల్వ చేస్తున్నారో అడగడం ఎలాగో లీకుకు ముందు ఎవరైనా తేలిక తెలుగులో రాసి ఆ వీధుల్లో పంచి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తెలియనివ్వకపోవడం కూడా అన్యాయమే. దాన్ని సరిచేసే పని రాసేవాళ్ళ చేతుల్లో ఉంది.

రాస్తే ఏమవుతుందని మీ నాన్నగారు అడిగితే నెల్లూరు సంగతి చెప్పండి. 1990ల మొదట్లో ఆ జిల్లాలో రాత్రిపూట అక్షరాస్యత తరగతులు జరిగేవి. వాచకంలో సారా వల్ల ఛిద్రమైన ఒక ఇంటి కథ పాఠంగా ఉండేది.  దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు. అది వాళ్ళ ఇంటి కథే. పక్కపక్కన కూర్చుని చదివారు కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, మాట్లాడుకున్నారు, వెళ్ళి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. అది 1997 దాకా నిలిచింది. తర్వాత ఎత్తేశారు, అదీ చెప్పాలి. అయినా ఒక పాఠం అంత పని చేసింది.

నాకు ఇందులో ముఖ్యంగా కనపడేది వాళ్ళు కలిసి చదవడం. మనం ఆన్‌లైన్‌లో రాసింది ఒక్కొక్కరు ఒంటరిగా, మంచం మీద పడుకుని చదువుతారు. బాధపడినా ఒంటరిగానే బాధపడి నిద్రపోతారు. అందుకని మీ తర్వాతి వ్యాసాన్ని గొంతుతో కూడా రికార్డు చేయండి. ఐదు నిమిషాలు దాటనివ్వకండి. మీ కాలనీ డ్వాక్రా గ్రూపు లీడర్‌కు వాట్సాప్‌లో పంపి, మీటింగు రోజు పెట్టి వినిపించమనండి. చదవడం రానివాళ్ళకూ చేరుతుంది. వినిపించాలని రాస్తే భాష దానంతట అదే తేలికపడుతుంది. "అణచివేతకు గురవుతున్న శ్రామిక వర్గాలు" లాంటి మాట నోటితో పలికి చూడండి, మీకే ఎబ్బెట్టుగా ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన ఉత్తరాంధ్ర మనిషే. జనం మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడారు. సవర గిరిజనుల కోసం వాళ్ళ భాష నేర్చుకుని మరీ పుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన ప్రాంతంలో ఉండి మనం పనివాళ్ళ గురించి పనివాళ్ళకు అర్థంకాని భాషలో రాయడం నాకు కష్టంగా ఉంటుంది.

నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక చేపల మార్కెట్లో అమ్ముకునే ఆడవాళ్ళ మీద వ్యాసం రాశాను. తెల్లారకముందే బుట్టలెత్తుకుని రావడం, ఐసు నీళ్ళలో ఒరిసిపోయిన వేళ్ళు, వేటకు వెళ్ళిన మగవాళ్ళ కోసం ఎదురుచూపు, అన్నీ పెట్టాను. అచ్చుకు ఇచ్చే ముందు ఎందుకో తీసుకెళ్ళి, నాతో ఎక్కువ మాట్లాడిన ఒక పెద్దావిడకు చదివి వినిపించాను. చేప పొలుసు గీకుతూనే విన్నది. మధ్యలో రెండుసార్లు ఎవరో బేరానికొస్తే నన్ను ఆపింది. అంతా అయ్యాక కత్తి పక్కన పెట్టి, "బాగానే రాసినావు గానీ, దొడ్డి సంగతి రాయనేదేటి?" అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. తెల్లవారుజామున మూడింటికి వస్తారు, మధ్యాహ్నం పన్నెండు దాకా అక్కడే. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగరు. ఒంట్లో మంటలు, జ్వరాలు. మూడు రోజులు వాళ్ళ పక్కనే కూర్చున్నాను నేను. ఒక్కరు కూడా నీళ్ళు తాగకపోవడం నా కళ్ళకు ఆనలేదు.

ఆ వ్యాసం చింపేసి మళ్ళీ రాశాను. సముద్రం మీద రాసుకున్న రెండు పేరాలు పోయాయి. అప్పటి నుంచి ఎవరి గురించి రాస్తే వాళ్ళకు చదివి వినిపించకుండా బయటపెట్టను. వద్దంటే ఆపేస్తాను. అలా ఆపేసినవి నా దగ్గర ఐదారు ఉన్నాయి. మంచి వ్యాసాలే. అవి అలాగే ఉంటాయి.

మీ నాన్నగారి భయం విషయానికొస్తే, అది ఉత్తి పిరికితనం అనుకోకండి. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. కానీ క్రిమినల్ పరువు నష్టం కేసు ఇప్పటికీ వేయవచ్చు. అక్కడ నిజం అయితే చాలదు, ప్రజల మేలు కోసం చెప్పినట్టు కూడా ఉండాలి. అందుకని కళ్ళారా చూసిందే రాయండి, తేదీ వేసుకోండి, విన్నదాన్ని విన్నట్టే రాయండి. లైంగిక దాడికి గురైన వాళ్ళ పేరు గానీ, గుర్తుపట్టే వివరం గానీ బయటపెడితే అదే ఒక నేరం. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బూతులు తిట్టేవాళ్ళను బ్లాక్ చేయండి, వాళ్ళ మీద సాయంత్రాలు ఖర్చుపెట్టకండి.

అనుమానం ఉన్నచోట సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు చేయవచ్చు. దరఖాస్తులో ఏం అడగాలో కూడా చెప్తాను. మురుగు, సెప్టిక్ ట్యాంకు పనివాళ్ళ కోసం కేంద్రం 2023లో 'నమస్తే' అనే పథకం మొదలుపెట్టింది. వాళ్ళ పేర్లు నమోదు చేసి రక్షణ కిట్లు, ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్య బీమా, యంత్రాలు కొనుక్కోవడానికి సబ్సిడీ ఇవ్వాలి. విశాఖ నగరంలో ఇప్పటిదాకా ఎంతమందిని నమోదు చేశారు, కిట్లు ఎంతమందికి ఇచ్చారు, ప్రైవేటు మేస్త్రీల కింద పనిచేసేవాళ్ళ పేర్లు అందులో ఉన్నాయా? ఈ మూడూ అడగండి. వచ్చిన జవాబే మీ తర్వాతి వ్యాసం అవుతుంది. నాన్నగారికి ఆ దరఖాస్తు చూపించి, ఆయన చేతే పోస్టు చేయించండి. పది రూపాయల కాగితంతో గవర్నమెంటు ఆఫీసును ప్రశ్న అడగవచ్చని చూస్తే ఆయన భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం.

ఇక ట్యాంకులో దిగినాయన పని సంగతి. మీరు క్షమాపణ అడగడానికి వెళ్ళినప్పుడు నమోదు సంగతి వాళ్ళకు చెప్పండి. పేరు ఎక్కించుకోవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. కావాలంటే మీరు సెలవు పెట్టి తోడు వెళ్ళండి. ఆఫీసుల్లో ఒక్కరే నిలబడితే వాళ్ళను రేపు రమ్మంటారు. వాళ్ళమ్మాయితో మీరు మాట్లాడటానికి తొందరపడకండి. వాళ్ళమ్మ మాట్లాడమంటే అప్పుడు చూద్దురు గాని.

అసోసియేషన్ మీటింగు ఎప్పుడో మీరు రాయలేదు. తేదీ తెలిస్తే చెప్పండి. అక్కడ చదవడానికి ఒక్క పేజీ మనిద్దరం కలిసి రాద్దాం. ట్యాంకులో ఏముంటుంది, చట్టం ఏమంటుంది, లారీ పిలిస్తే ఇంటికి ఎంత పడుతుంది, అంతే ఉండాలి అందులో. ముందు ఆయనకు, ఆవిడకు చదివి వినిపించండి. వాళ్ళు తీసేయమన్న వాక్యం తీసేయండి, చేర్చమన్నది చేర్చండి. ఆ కాగితం నాకు పంపండి.